ఆటో టాప్ ఆఫ్ యంత్రం, సైఫన్ బెడద: రెండేళ్లకు పైగా వాడాక నా సమీక్ష

అక్వేరియంలో తరిగిన నీటిని తనంతట తానే నింపే ఈ ఆటో టాప్ ఆఫ్ యంత్రం మంచిదే. సెన్సర్ నమ్మకంగా పనిచేస్తోంది, మోటారు చప్పుడు చేయదు, రెండేళ్లు దాటినా ఒక్క విడిభాగమూ విరగలేదు. అయినా పూర్తి మార్కులు వేయడానికి మనసొప్పడం లేదు. మోటారుతో నడిచే ఇలాంటి ఏ పరికరమైనా చేసేది ఒకటే: మోటారుకు కరెంటు ఇవ్వడం, తీసేయడం. మోటారు ఆగితే నీళ్లూ ఆగిపోతాయని దాని తయారీదారు ధీమా. ఆ ధీమా ఎప్పుడు నిజమో ఎప్పుడు కాదో పెట్టె మీద ఎక్కడా రాయలేదు. లోపలి కాగితంలో ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో.

మా ఇంట్లో ఉన్నది నాలుగు అడుగుల సముద్రపు నీటి అక్వేరియం. కింది అల్మరాలో, పై తొట్టె నీరు దిగి తిరిగి పైకెక్కే రెండో తొట్టె అయిన గాజు సంప్‌తో కలిపి సుమారు 300 లీటర్లు. క్లౌన్ చేపల జత, ఒక గోబీ చేప, ఎక్కువగా మెత్తని పగడాలు. హైదరాబాదు ఎండల్లో నీటిని 27 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి సంప్ మీద రెండు చిన్న ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఆ గాలికి నీరు చల్లబడుతుంది, ఆవిరీ అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు నాలుగైదు లీటర్లు పోతాయి, వానలు మొదలయ్యాక అందులో సగం. పోయేది మంచినీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. కాబట్టి తరిగినంత మంచినీరు పోయకపోతే ఉప్పదనం పెరుగుతూ పోతుంది. సముద్రంలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణం ఉంటుంది, పగడాలకు ఆ లెక్క నిలకడగా ఉండాలి. చెంబుతో రోజుకోసారి పోసే ఇళ్లున్నాయి, అదీ నడుస్తుంది. ఊరెళ్లాల్సి వచ్చిందంటే మాత్రం నడవదు.

పై తొట్టెలో నీటి మట్టం మారదు, ఓవర్‌ఫ్లో అంచు దగ్గరే నిలిచి ఉంటుంది. తరుగంతా సంప్‌లో రిటర్న్ మోటారు (నీటిని తిరిగి పైకెక్కించేది) ఉండే చిన్న గదిలోనే తెలుస్తుంది. మా దాంట్లో ఆ గది 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు. అక్కడ ఒక సెంటీమీటరు తగ్గిందంటే ముప్పావు లీటరు పోయినట్టు. సెన్సర్‌ను ఆ గదిలోనే పెట్టాలి.

సెన్సర్ల సంగతి త్వరగా ముగిస్తాను. నా దాంట్లో పరారుణ కాంతితో మట్టాన్ని కనిపెట్టే చిన్న కన్ను ఒకటి, దానికి పై ఎత్తులో రక్షణ కోసం ఫ్లోట్ స్విచ్ ఒకటి ఉన్నాయి. జర్మనీకి చెందిన టున్జె వారి ఆస్మొలేటర్ 3155 కూడా ఇదే పద్ధతి: కాంతి సెన్సర్, ఫ్లోట్ స్విచ్, పైగా మోటారు 10 నిమిషాలు ఆగకుండా తిరిగితే దాన్ని ఆపేసి హెచ్చరించే గడియారం. నా యంత్రంలోనూ అలాంటి కాలపరిమితి ఉంది. కంటి మీద పాచి పేరుకుంటే తప్పు చూపిస్తుంది, కాబట్టి నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను. ఫ్లోట్ స్విచ్‌లోకి నత్తలు దూరే ప్రమాదం ఉంది, చుట్టూ ప్లాస్టిక్ జాలీ చుడితే దూరవు. మట్టాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల తేడాలో పట్టుకుంటోంది. ఈ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు.

అమర్చడానికి వచ్చిన దుకాణం వాళ్లు 25 లీటర్ల నీళ్ల డబ్బాను అల్మరా పక్కన ఒక స్టూలు మీద పెట్టి వెళ్లారు. చూడటానికి ముచ్చటగానే ఉంది, మూత తీయడానికి వంగే పని కూడా లేదు. స్టూలు ఎత్తు 30 సెంటీమీటర్లు, డబ్బా నిండా పోస్తే అందులో నీళ్లు మరో 38. అంటే నేల నుంచి 68 సెంటీమీటర్ల ఎత్తున నీటి ముఖం. గొట్టం కొసను సంప్ అంచుకు తగిలించారు, అది నేల నుంచి 42 సెంటీమీటర్లు. ఈ రెండంకెల మధ్య ఉన్న 26 సెంటీమీటర్లే ఈ సమీక్షకు మూలం.

అంతకుముందు డబ్బా అడుగంటాకే నీళ్లు పోయడం అలవాటు, అదీ సగం వరకే. ఆ వేసవిలో ఒక సాయంత్రం నిండా పోశాం. కాసేపటికి అల్మరాలోంచి హెచ్చరిక మోత. నేను వెళ్లేసరికి మా అమ్మ తలుపు తీసి వంగి చూస్తోంది. "మోటారు ఆగే ఉందిరా, నీళ్లే ఆగలేదు" అంది. నిజంగానే యంత్రం మీద ఎర్ర దీపం వెలుగుతోంది, మోటారు నిశ్శబ్దంగా ఉంది, గొట్టం కొసలోంచి మాత్రం సన్నటి ధార హాయిగా పడుతోంది. రక్షణ కోసం పెట్టిన ఫ్లోట్ స్విచ్ తన విధి నిర్వర్తించింది: అప్పటికే ఆగిపోయిన మోటారును మళ్లీ ఆపింది. అమ్మ గొట్టం కొసను పట్టుకుని డబ్బా కంటే పైకెత్తింది, ధార ఆగింది. పీపాలోంచి కిరోసిన్‌ను సీసాలోకి గొట్టంతో లాగిన తరం ఆవిడది. ఆ విద్య ఆవిడకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

గొట్టం నిండా నీరుంటే, ఒక కొస ఎత్తున ఉన్న నీటిలో మునిగి ఉంటే, రెండో కొస ఆ నీటి ముఖం కంటే కిందుంటే, మధ్యలో గొట్టం ఎంత పైకెక్కి దిగినా నీరు కిందికే పోతుంది. దీన్నే సైఫన్ అంటారు. (మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఆ ఎక్కుడుకు హద్దు దాదాపు 10 మీటర్లు, మన అల్మరాలకు ఆ హద్దుతో పనిలేదు.) మోటారు చేసిందల్లా మొదటిసారి గొట్టం నింపడమే. ఆ తరువాత దాని అవసరం లేదు. ఈ చిన్న మోటార్లలో అయస్కాంతంతో తిరిగే రెక్క తప్ప మూసుకునే తలుపంటూ ఏదీ ఉండదు, ఆగిన రెక్కల సందుల్లోంచి నీరు నిరాటంకంగా పోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గొట్టం కొస సంప్ నీటిలో మునగకుండా గాల్లో వేలాడితే సైఫన్ పట్టదని అనుకుంటారు. మా ఇంట్లో కొస గాల్లోనే ఉంది, అయినా ధార పడింది. పై కొస నీటిలో ఉన్నంత కాలం కింది కొస గాల్లో ఉన్నా లెక్కే లేదు. చూడాల్సింది కొస తడిగా ఉందా పొడిగా ఉందా అని కాదు, డబ్బాలోని నీటి ముఖం కంటే ఎత్తున ఉందా కిందుందా అని. అది కూడా డబ్బా నిండుగా ఉన్నప్పటి ముఖం. సగం డబ్బాతో ఈ జబ్బు అంతగా బయటపడదు: అప్పుడు నీటి ముఖం, కొస దగ్గర దగ్గరగా ఉంటాయి, కాస్త నీరు జారి తానే ఆగిపోతుంది. అందుకే కొత్తలో వారాల తరబడి అంతా సవ్యంగా కనిపిస్తుంది.

ఎంత నీరు జారేదో లెక్క కట్టాను. డబ్బాలో సెంటీమీటరుకు సుమారు 0.66 లీటర్లు. 26 సెంటీమీటర్లు దిగేదాకా, అంటే కొస ఎత్తుకు వచ్చేదాకా పోతే 17 లీటర్లు. 300 లీటర్లలో అన్ని మంచినీళ్లు కలిస్తే 35 ఉన్న ఉప్పదనం 33 దగ్గరికి పడిపోతుంది. చేపలు తట్టుకుంటాయి, పగడాలు ముడుచుకుంటాయి. సంప్‌లో ఖాళీ తక్కువైతే నేల కూడా తడుస్తుంది. మా సంప్ అడుగు వైశాల్యానికి 17 లీటర్లంటే ఆరున్నర సెంటీమీటర్ల పెరుగుదల. కరెంటు పోతే పైతొట్టెలోంచి దిగే నీటి కోసం సంప్‌లో ఖాళీ వదులుతామే, ఆ ఖాళీలో కొంత ఇది ముందే మింగేస్తుంది. ఆ సమయంలోనే కరెంటు పోయిందంటే రెండు ప్రవాహాలూ ఒకేసారి వచ్చి పడతాయి. ఇన్వర్టరు ఉన్నా లేకపోయినా సైఫన్‌కు పట్టింపు లేదు, అది కరెంటుతో నడిచేది కాదు.

టాప్ ఆఫ్ నీటిలో సున్నపు తేట కలిపేవారికి ఇది ఇంకా గట్టి దెబ్బ. పగడాలకు కాల్షియం అందించడానికి సున్నపు తేటను డబ్బాలో పోసి చుక్కలు చుక్కలుగా ఎక్కించే పద్ధతి పాతదే. కానీ చిక్కటి తేట పీహెచ్ 12.4 దాకా ఉంటుంది. లీటర్ల కొద్దీ అది ఒక్క గంటలో దిగితే తొట్టెలో బతికి బట్టకట్టేవి కొన్నే. సున్నపు తేట వాడే ఉద్దేశం ఉంటే ఈ తరహా మోటారు కొనకండి. దానికి తగిన మోటారు సంగతి కింద చెబుతాను.

దుకాణానికి ఫోను చేస్తే చెక్ వాల్వు పెట్టమన్నారు. ఈ సలహా ఎక్కడ అడిగినా ముందు వినిపిస్తుంది, అందుకే కాస్త ఆగి చెప్పాలి. చెక్ వాల్వు నీటిని ఒక దిక్కుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. డబ్బాలోంచి సంప్‌లోకి పోయే సైఫన్ నడిచేది మోటారు తోసే దిక్కులోనే. వాల్వు దానికి సాదరంగా దారి ఇస్తుంది! లోపల స్ప్రింగు ఉన్న రకమైతే కొంత ఒత్తిడి దాటితేనే తెరుచుకుంటుంది. 26 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాదాపు 2.5 కిలోపాస్కల్స్. దాన్ని ఆపగలిగే స్ప్రింగు కావాలి, అదే స్ప్రింగును మన చిన్న మోటారు నెట్టగలగాలి. ఆ రెండూ కుదిరే వాల్వు కోసం బజారు గాలించడం కంటే స్టూలు తీసేయడం తేలిక. చెక్ వాల్వుకు పనికొచ్చే చోటు ఒకటుంది, సంప్ నీరు డబ్బాలోకి వెనక్కి రాకుండా ఆపడం. అక్కడ కూడా ఉప్పు గడ్డకట్టి, సున్నం పట్టి అది సగం తెరుచుకుని ఉండిపోతుంది. దాని మీదే భారం వేయలేం.

నిజంగా పనిచేసింది గొట్టానికి వేసిన చిల్లు. ఇది నేను కనిపెట్టినది కాదు, అక్వేరియం వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. అయితే చిల్లు ఎక్కడ వేయాలన్నదే కీలకం. డబ్బా అడుగున ఉన్న మోటారు నుంచి గొట్టం పైకి లేచి మూత దాటుతుంది కదా, మూతకు కొంచెం కింద, నిండు నీటి గీతకు పైన వేయాలి. మోటారు తిరుగుతున్నప్పుడు చిల్లులోంచి చిమ్మే నీరు తిరిగి డబ్బాలోనే పడుతుంది, నేల తడవదు. మోటారు ఆగగానే ఆ చిల్లు గాలిని పీలుస్తుంది, నీటి వరుస తెగుతుంది, సంప్ వైపు ఉన్నది సంప్‌లోకి, డబ్బా వైపు ఉన్నది డబ్బాలోకి జారిపోతుంది. సంప్ అంచు దగ్గర చిల్లు వేస్తే ఏమవుతుందని అడిగేవారుంటారు. మా పాత అమరికలో ఆ అంచు డబ్బా నీటి కంటే దిగువన ఉంది. అక్కడ చిల్లు వేస్తే గాలి లోపలికి రాదు, నీరే బయటికి వస్తుంది.

నేను వాడుతున్నది ఇంటి ఆర్వో ఫిల్టర్లకు వాడే పావు అంగుళం గొట్టం. మొదట కాల్చిన సూదితో పొడిచిన చిల్లు నీటి పొరతో మూసుకుపోయి కొన్నిసార్లు గాలి పీల్చేది కాదు. రెండు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో వేశాక ఆ ఇబ్బంది పోయింది. మోటారు ధార కొంచెం తగ్గింది, రోజుకు అయిదు లీటర్లు ఎక్కించే పనికి అది లెక్కలోది కాదు. డబ్బా మీద నిండు గీతను చెరగని మార్కరుతో గీయాలి, ఎందుకంటే ఎవరైనా ఉత్సాహంగా చిల్లు మునిగేదాకా నీళ్లు పోస్తే చిల్లు ఉన్నా లేనట్టే.

కొన్నాళ్లకు చిల్లు చుట్టూ జిగురు పొర పట్టింది. ఆర్వో నీరు ఎంత శుభ్రంగా ఉన్నా మూత పెట్టిన డబ్బాలో గోడలకు, గొట్టానికి ఆ జారుడు పొర వస్తుంది. అప్పుడు చిల్లుకు బదులు మూడు నోళ్లున్న టీ జాయింటు పెట్టి చూశాను: గొట్టం అన్నింటికంటే ఎత్తుగా ఉన్న చోట టీ, దాని నిలువు కాలికి జానెడు గొట్టం, దాని పై నోరు తెరిచే ఉంచి సంప్ మీదికి వంచాను. గాలి దారి పెద్దది కాబట్టి మూసుకోవడం అరుదు. ఆర్వో ఫిల్టర్ విడిభాగాల దుకాణాల్లో ఈ టీ చౌకగానే దొరుకుతుంది. దాని లోపం ఏమిటంటే టీ దాటాక గొట్టం పొడవుగా ఉన్నా, ఎక్కడైనా నొక్కుకుపోయినా నిలువు కాలిలోంచి నీరు పైకి పొంగుతుంది. అందుకే ఆ నోరు సంప్ మీదికే తిరిగి ఉండాలి, అల్మరాలోని ప్లగ్గుల మీదికి కాదు. యంత్రంతో పాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్ బుడిపెకు 'సైఫన్ నిరోధకం' అని పేరు, అదీ ఇదే సూత్రం. కాకపోతే దాన్ని గొట్టంలో ఏ ఎత్తున తగిలించాలో చెప్పలేదు. దిగువన తగిలిస్తే అలంకారమే.

చివరికి స్టూలు తీసేశాను. అల్మరాలో సంప్ పక్కన 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న పొట్టి టబ్బు పట్టింది. 25 సెంటీమీటర్ల ఎత్తుకు నింపితే 30 లీటర్లు, పాత డబ్బా కంటే ఎక్కువే. టబ్బు నేల మీదే ఉంది, గొట్టం కొస మునుపటిలాగే 42 దగ్గర ఉంది. ఇప్పుడు టబ్బు నుంచి సంప్‌కు సైఫన్ పట్టడానికి ప్రకృతి ఒప్పుకోదు. వాల్వులు, చిల్లులు, అలారాలు అన్నీ దీని తరువాతే. చోటు ఉన్నవారు మొదట చేయాల్సింది ఇదే. చోటు లేని ఫ్లాట్లలో టీ గానీ చిల్లు గానీ తప్పదు.

అయితే టబ్బు కిందికి దిగాక కథ తిరగబడింది, దీన్ని గురించి ఎవరూ హెచ్చరించరు. సంప్‌లో రిటర్న్ గది మట్టం నేల నుంచి 20 సెంటీమీటర్లు. టబ్బులో నీరు 20 కంటే తగ్గాక, గొట్టం కొస ఏ కారణం చేతనైనా సంప్ నీటిలో మునిగితే ఉప్పునీరే వెనక్కి టబ్బులోకి నడుస్తుంది. సంప్ మట్టం తగ్గుతుంది, సెన్సర్ మోటారును లేపుతుంది, మోటారు ఆ ఉప్పునీటినే తిరిగి తోస్తుంది. ఈ గానుగ తిరుగుడు బయటికి కనిపించదు. టబ్బులో టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) ముంచితేనే తెలుస్తుంది: ఆర్వో డీఐ నీటికి (ఆర్వో తరువాత మిగిలిన లవణాలనూ తీసేసిన నీరు) సున్నా దగ్గర ఉండాల్సిన అంకె, గ్లాసెడు సముద్రపు నీరు కలిసినా వందల్లోకి దూకుతుంది. కాబట్టి కొస ఎప్పుడూ గాల్లోనే ఉండాలి. రోజువారీ మట్టానికి పైన ఉంటే చాలదు, కరెంటు పోయి పైనీళ్లన్నీ దిగినప్పుడు సంప్ ఎంతకు పెరుగుతుందో దానికీ పైనే ఉండాలి. మా సంప్‌లో అది 28 సెంటీమీటర్లు. కొసను సక్షన్ కప్పుతో కాకుండా అంచుకు బిగించే ప్లాస్టిక్ క్లిప్పుతో పట్టించాను. సక్షన్ కప్పులు ఏడాది తిరక్కుండానే బిరుసెక్కి ఊడిపోతాయి. టబ్బు గొట్టానికి మూత కింద చిల్లు ఇప్పుడూ ఉంచాను, అది రెండు దిక్కుల సైఫన్‌నూ తెంచుతుంది.

మోటారు రకమే మార్చడం ఇంకో దారి. విజయవాడలో ఉన్న మిత్రుడొకరు ఇదే తరహా సెన్సర్‌కు డోసింగ్ మోటారు కలిపి సున్నపు తేట ఎక్కిస్తున్నారు. అందులో మెత్తటి గొట్టాన్ని రోలర్లు నొక్కుతూ తిరుగుతాయి, ఆగినప్పుడు కూడా ఏదో ఒక రోలరు గొట్టాన్ని నొక్కి పట్టుకునే ఉంటుంది. డబ్బా ఎంత ఎత్తున ఉన్నా సైఫన్ పట్టదు. వేగం చాలా తక్కువ, సున్నపు తేటకు అదే కావలసింది. గొట్టం నలిగి పలచబడ్డాక మాత్రం పట్టు సడలుతుంది, కాలానుగుణంగా మార్చాలి. పైఅంతస్తు ట్యాంకు నుంచి నేరుగా దించి సోలనాయిడ్ వాల్వుతో (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) ఆపే పద్ధతి నాకు నచ్చదు. ఒక ఇసుక రేణువు సీటు మీద కూర్చుంటే ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు, వెనక ఉన్నది 25 లీటర్లు కాదు, ట్యాంకంత నీరు. కూలర్లలో వాడే ఫ్లోట్ వాల్వుకు కరెంటు అక్కర్లేదు, కానీ ఉప్పునీటి సంప్‌లో దాన్ని తరచూ విప్పి కడిగే ఓపిక ఉండాలి.

కొత్తగా అమర్చుకునేవారు చేయవలసిన పరీక్షకు పట్టేది పావుగంట. డబ్బాను నిండు గీత దాకా నింపండి. సెన్సర్‌ను నీటిలోంచి పైకెత్తితే మోటారు మొదలవుతుంది. ధార నిలకడగా పడుతున్నప్పుడు యంత్రం ప్లగ్గు లాగేయండి. నాలుగైదు సెకన్లలో గొట్టం గుటగుటమని ఖాళీ కావాలి. సన్నగానైనా ధార కొనసాగితే సైఫన్ పట్టినట్టే. గొట్టం మార్చినా, డబ్బా మార్చినా, అల్మరా సర్దినా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. నేను పండగ శుభ్రతలప్పుడు తప్పకుండా చేస్తాను, ఎందుకంటే ఆ రోజుల్లో గొట్టాలు ఎవరి చేతిలోనైనా జరుగుతాయి.

తాగే నీటి ఆర్వో యంత్రం నుంచే పట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. మన ఇళ్లలోని చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలరో, ఖనిజాలు కలిపే గుళికలో ఉంటాయి. ఆ కలపడానికి ముందే పక్క గొట్టం తీసి, చిన్న డీఐ గుళిక తగిలించి టబ్బు నింపుతాను.

ఇక మార్కులు. సెన్సర్‌కు అయిదుకు అయిదు, మోటారుకు నాలుగు, వాడుక సూచనలకు ఒకటి, అదీ కాగితం నాణ్యతకు. పెట్టెలో వచ్చిన గొట్టం పొట్టిది, డబ్బాను అల్మరా దగ్గరే, వీలైతే కాస్త ఎత్తునే పెట్టుకోమని ప్రోత్సహించే పొడవు. అయిదు మీటర్ల ఆర్వో గొట్టం విడిగా కొనుక్కోండి, తెల్లదానికంటే నల్లది మేలు, లోపల పాచి పట్టదు. మోటారు రెక్కను ఆరు నెలలకోసారి విప్పి వెనిగర్‌లో నానబెడుతున్నాను. రెండో ఏట దాని రబ్బరు కాళ్లలో ఒకటి ఊడిపోవడంతో టబ్బు అడుగున గరగరమంటుంటే దాని కింద స్పాంజి ముక్క పెట్టాను.